రబ్బరు బూటుకు నూనె పెట్టకూడదు

దంతెవాడలో శంఖిని, డంకిని అనే రెండు నదులు కలుస్తాయి. ఆ సంగమానికి సమీపంలోనే దంతేశ్వరీ అమ్మవారి ఆలయం ఉన్నది. ఓరుగల్లు కోట పతనమైన తరువాత కాకతీయ వంశస్థుడైన అన్నమదేవుడు అమ్మవారిని వెంటబెట్టుకొని బస్తరుకు వచ్చాడని అక్కడి ఐతిహ్యం. వానకాలంలో ఆ నదులలో ఎర్రని నీరు పారడం స్థానికులు ఏళ్ళ తరబడి చూసిన దృశ్యం. ఆ ఎరుపు ఎగువనున్న బైలడిలా కొండలది. ఎద్దు మూపురం వలె కనిపించడం వల్ల ఆ కొండలకు ఆ పేరు వచ్చింది. ఆ మూపురం నిండా ఇనుప ఖనిజమే.

1958లో ఏర్పడిన జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968లో ఇక్కడ గని తెరిచింది. సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. ఖనిజాన్ని మోసుకొనిపోయే రైలు మార్గం కిరండూల్‌లో బయలుదేరి, తూర్పు కనుమలను దాటి, కొత్తవలస మీదుగా విశాఖపట్టణం చేరుతుంది. అందువల్ల కిరండూల్, బచేలీ పట్టణాలలో తెలుగు కుటుంబాలు చాలా కాలం నుండి స్థిరపడి ఉన్నాయి. మా మేనమామగారిది అలాంటి కుటుంబమే. గనిలో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న తరువాత కూడా ఆయన ఆ ఊరు విడిచి రాలేదు.

కొన్నేళ్ళ క్రితం శ్రావణమాసంలో ఆయన ఇంట్లో పది రోజులు ఉన్నాను. వరండాలో ఒక మూల ఒక జత గంబూట్లు పడి ఉన్నాయి. ఒకదాని మడమ పైభాగాన, మరొకదాని వేళ్ళ వంపు దగ్గర అడ్డంగా చీలికలు. పనికిరానివాటిని ఎందుకు ఉంచారని అడిగాను.

"నా బుద్ధిహీనత నాకు గుర్తుండాలని ఉంచుకున్నాను, నాయనా" అన్నారు మామయ్య.

ఆ బూట్లు పొరుగున ఉండే ఒక గోండు యువకుడివి. కంట్రాక్టరు వద్ద రోజు కూలికి వెళ్ళేవాడు. తన కష్టార్జితంతో సంతలో కొనుక్కున్న బూట్లు కాబట్టి వాటిని ప్రాణంలా చూసుకునేవాడు. ప్రతి రాత్రి తడిసిన బూట్లను పొయ్యి పక్కన పెట్టి ఆరబెట్టేవాడు. వారానికి ఒకసారి ఇప్పనూనె పట్టించి, గుడ్డతో తుడిచి, నిగనిగలాడేటట్లు చేసేవాడు. ఆ సలహా ఇచ్చినది మామయ్యే. తమ తోలు బూట్లకు ముప్ఫై ఏళ్ళు నూనె రాసిన అనుభవం ఆయనది. తోలుకు మేలు చేసినది రబ్బరుకు కూడా చేస్తుందనుకున్నారు.

రెండవ వానకాలానికే బూట్లు పగిలాయి. చీలికలోనుండి ఎర్రని బురదనీరు లోపలికి వెళ్ళేది, బయటికి వచ్చే దారి లేదు. రోజుకు ఎనిమిది గంటలు పాదం ఆ నీటిలో నానింది. చర్మం తెల్లబడి మెత్తబడింది. ఒక చిన్న రాతిముక్క గీరిన గాయం చీము పట్టింది. మూడు వారాలు ఆసుపత్రి చుట్టూ తిరిగాడు, మూడు వారాల కూలి పోయింది. ఒక వేలు తీసివేయవలసి వస్తుందేమోనని వైద్యులు అనుమానించారు, అదృష్టవశాత్తూ దక్కింది. పరామర్శించడానికి వెళ్ళిన మామయ్యతో ఆ కుర్రవాడు, "మీరు చెప్పినట్లే చేశాను గదా కాకా, ఎక్కడ తప్పు జరిగింది?" అని అడిగాడట. ఆ ప్రశ్నలో నిష్ఠూరం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. మామయ్య జవాబు చెప్పలేకపోయారు.

ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం. నిర్లక్ష్యం వల్ల వస్తువు పాడైతే ఆశ్చర్యం లేదు. శ్రద్ధ వల్లనే పాడైతే, ఆ శ్రద్ధ దారి తప్పిందని అర్థం.

రబ్బరు స్వభావం

రబ్బరు చెట్టు పాలు దక్షిణ అమెరికా ఆదివాసులకు మనకంటే ఎన్నో శతాబ్దాల ముందే తెలుసు. ఆ పాలతో నీరు చొరని పాదరక్షలు చేసుకున్నవారు వారే. కాని పచ్చి రబ్బరు ఎండలో జిగురుగా సాగుతుంది, చలిలో పెళుసుబారి విరుగుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే వ్యక్తి గంధకం కలిపిన రబ్బరును వేడిచేసినప్పుడు అది గట్టిపడి, సాగే గుణాన్ని మాత్రం నిలుపుకుంటున్నదని కనుగొన్నాడు. 1844లో దానిపై పేటెంటు పొందాడు. నేటి రబ్బరు బూట్లకు, టైర్లకు అదే పునాది.

రబ్బరు పొడవైన అణుదారాల చిక్కుముడి. గంధకం ఆ దారాలను అక్కడక్కడ ముడివేస్తుంది. ముడులు ఉన్నంతకాలం రబ్బరు సాగి మళ్ళీ యథాస్థితికి వస్తుంది. ఈ దారాలకు శత్రువులు నలుగురు: నూనె, వేడి, ఎండ, గాలిలోని ఓజోను.

నూనె రబ్బరు దారాల మధ్యకు చొరబడుతుంది. నీటిలో నానిన బియ్యం వలె రబ్బరు ఉబ్బి, మెత్తబడి, బలం కోల్పోతుంది. పెట్రోలు, డీజిలు, కిరోసిను, గ్రీజు ఈ పనిని త్వరగా చేస్తాయి. కొబ్బరినూనె, ఆవనూనె, ఇప్పనూనె నెమ్మదిగా చేస్తాయి; అంతే తేడా. రాసిన రోజున నల్లగా మెరుస్తుంది కాబట్టి మేలు జరిగిందని భ్రమపడతాము. తోలు సంగతి వేరు. జంతువు చర్మంలో సహజంగా ఉండే కొవ్వు తోలు శుద్ధిచేసేటప్పుడు పోతుంది కనుక, దానిని తిరిగి అందించడం మంచిదే. రబ్బరులో ఎన్నడూ లేని నూనెను మనం ఇవ్వనక్కరలేదు.

వేడి రెండవ శత్రువు. వేడి తగిలినకొద్దీ ప్రాణవాయువు రబ్బరు దారాలతో వేగంగా కలుస్తుంది. కొన్ని దారాలు తెగుతాయి, కొన్ని అనవసరంగా ముడిపడతాయి. ఫలితంగా బూటు బిగుసుకొని పెళుసుబారుతుంది. పొయ్యి పక్కన ఆరిన బూటు తాకి చూస్తే పొడిగానే ఉంటుంది, కాని దాని ఆయుష్షు ప్రతి రాత్రీ కొంత హరిస్తుంది.

సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు పైపొరను పాడుచేస్తాయి. రబ్బరు బూట్లు ఎక్కువగా నల్లగా ఉండడానికి ఇది కూడా ఒక కారణం. వాటిలో కలిపే మసివంటి కర్బనపు పొడి బలాన్ని ఇవ్వడమే కాక, ఆ కిరణాలను తానే పీల్చుకొని రబ్బరును కాపాడుతుంది. రంగురంగుల బూట్లకు ఆ రక్షణ తక్కువ కాబట్టి వాటిని మరింత జాగ్రత్తగా నీడలో ఉంచాలి.

నాలుగవది ఓజోను. ఇది గాలిలో అత్యల్పంగా ఉంటుంది. అయినా సాగదీసి ఉన్న రబ్బరుపై పడితే, సాగిన దిశకు అడ్డంగా సన్నని పగుళ్ళు పుట్టిస్తుంది. సాగకుండా, మడతపడకుండా ఉన్న రబ్బరును అది అంతగా బాధించదు. వేళ్ళ వంపు దగ్గర, మడమ పైన, మడిచిపెట్టిన గొట్టం అంచున పగుళ్ళు ముందుగా కనిపించడానికి కారణం ఇదే. విద్యుత్ మోటార్ల నిప్పురవ్వల వద్ద, వెల్డింగు జరిగే చోట ఓజోను ఎక్కువగా పుడుతుంది. బూట్లను మోటారు గదిలో దాచేవారు ఇది గమనించాలి.

కొత్త బూటుపై కొంతకాలానికి తెల్లని బూడిదవంటి పొర కనిపిస్తే బెదరవద్దు. ఓజోను నుండి కాపాడడానికి తయారీలో కలిపిన మైనం పైకి తేలడం వల్ల అలా జరుగుతుంది. అది బూటుకు కవచం. తడిగుడ్డతో తుడిస్తే చాలు. గీకి తీయవలసిన పని లేదు.

రబ్బరా, ప్లాస్టిక్కా?

సంతలలో గంబూట్లుగా అమ్మేవన్నీ రబ్బరువి కావు. చాలావరకు పీవీసీ అనే ప్లాస్టిక్కుతో పోతపోసినవి. రెండూ నీటిని ఆపుతాయి, కాని మరమ్మతు పద్ధతులు వేరు. పీవీసీ బూటు సాధారణంగా అతుకు లేకుండా ఒకే పోతగా, మెరుస్తూ ఉంటుంది. రబ్బరు బూటులో పొరల అతుకులు కనిపిస్తాయి, ప్రత్యేకమైన రబ్బరు వాసన ఉంటుంది. ఐఎస్ఐ ముద్ర ఉన్నట్లయితే దానిపైనున్న సంఖ్య చూడండి. పారిశ్రామిక రబ్బరు బూట్ల ప్రమాణం సంఖ్య 5557, పీవీసీ బూట్ల ప్రమాణం సంఖ్య 12254.

కొనేటప్పుడు బూటును చేతులతో మెల్లగా వంచి చూడండి. వంపు దగ్గర వెంట్రుకవాసి పగుళ్ళు కనిపిస్తే అది దుకాణంలోనే ముసలిదైపోయిన సరుకు. వాడకపోయినా రబ్బరుకు వయస్సు వస్తుంది. చౌకగా వచ్చిందని రెండు మూడు జతలు ముందుగా కొని దాచిపెట్టడం లాభం కాదు. మేజోడు వేసుకొని తొడిగినప్పుడు వేళ్ళు కదలడానికి కొద్దిగా చోటు ఉండాలి. మరీ బిగువైన బూటు ప్రతి అడుగుకూ సాగుతుంది. సాగినచోట ఓజోను కాచుకొని ఉంటుంది.

కడగడం, ఆరబెట్టడం

బురద ఎండకముందే, పని ముగిసిన రోజే మామూలు నీటితో కడగాలి. ఖనిజపు మట్టి ఎండితే ఉప్పుకాగితం వలె రుద్దుకొని పైపొరను అరగదీస్తుంది. మరకలకు మెత్తని కుంచె, కొద్దిగా ఒంటి సబ్బు చాలు. అడుగు గాళ్ళలో ఇరుక్కున్న రాళ్ళను పుల్లతో తీయాలి కాని మేకుతో కాదు. నూనె, గ్రీజు అంటితే వెంటనే సబ్బునీటితో కడగాలి. కిరోసినుతో తుడవడం అంటే ఒక శత్రువును తరమడానికి మరొకరిని పిలవడమే.

రైతులు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. తోటలలో చల్లే బోర్డో మిశ్రమంలో మైలుతుత్తం ఉంటుంది. అందులోని రాగి, రబ్బరు క్షీణతను త్వరపెడుతుంది. మందు చల్లిన తరువాత బూట్లను లోపల, వెలుపల శుభ్రంగా కడగకుండా పక్కన పెట్టకూడదు. పురుగుమందు బూటులో మిగిలితే అది మనిషి చర్మానికి కూడా ప్రమాదమే.

ఆరబెట్టడానికి నిప్పు, ఎండ రెండూ వద్దు. లోపలి అట్టను బయటికి తీసి వేరుగా ఆరనివ్వండి. పాత వార్తాపత్రికలను ఉండలు చేసి బూటు ముక్కు వరకు కూరండి. గంట తరువాత తడిసిన కాగితం తీసివేసి పొడికాగితం పెట్టండి. ఆపైన చూరు కింద గాలి తగిలే నీడలో నేలకు నాటిన రెండు వెదురు కర్రలకు తలకిందులుగా తగిలించండి. బస్తరులో ఏటా 1,300 మిల్లీమీటర్లకు మించి వాన కురుస్తుంది, అందులో అత్యధిక భాగం జూను నుండి సెప్టెంబరు వరకే. ఆ నాలుగు నెలల తేమలో ఒక రాత్రికి బూటు పూర్తిగా ఆరదు. వీలున్నవారు రెండు జతలను రోజు మార్చి రోజు తొడిగితే, ఆ రెండూ కలిసి విడివిడిగా వాడినప్పటికంటే ఎక్కువ కాలం మన్నుతాయి.

విప్పేటప్పుడు ఒక కాలి ముక్కుతో రెండవ కాలి మడమను తొక్కి లాగడం అందరికీ అలవాటు. మడమ పైన చీలికకు మొదటి కారణం అదే. ఒక పలక చివర పాము నాలుక వలె గంటు చెక్కి, కింద చిన్న దిమ్మె కొట్టి ఉంచుకుంటే, ఆ గంటులో మడమను ఆనించి కాలును సులభంగా లాగవచ్చు. వండ్రంగికి అరగంట పని.

వేసవిలో బూట్లను శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, లోపల కాగితపు చుట్ట పెట్టి, నిటారుగా నిలబెట్టి చీకటి గదిలో ఉంచాలి. గొట్టాన్ని మడవకూడదు, పైన బరువు పెట్టకూడదు. కొద్దిగా టాల్కం పొడి చల్లితే రబ్బరు ఒకదానికొకటి అంటుకోదు.

పంక్చరు పడితే

రంధ్రం ఎక్కడున్నదో తెలియకపోతే పైభాగాన్ని చేతితో గట్టిగా మూసి, బూటును బకెట్టు నీటిలో ముంచి నొక్కండి. సైకిలు ట్యూబు వలెనే బుడగలు చోటు చెబుతాయి. మరమ్మతు కూడా సైకిలు షాపువాడి విద్యే. బూటును బాగా ఆరబెట్టి, రంధ్రం చుట్టూ ఉప్పుకాగితంతో గరుకు చేసి, దుమ్ము తుడిచి, రబ్బరు సొల్యూషన్ పలచగా రాయాలి. అతికించే ముక్కకు కూడా రాయాలి. అయిదు పది నిమిషాలు ఆగి, వేలికి అంటీ అంటనట్లు ఉన్నప్పుడు అద్ది గట్టిగా నొక్కాలి. ఒక రాత్రి బరువు కింద ఉంచాలి. తొందరపడి తడి సొల్యూషన్ మీద ముక్క పెట్టినవారి అతుకే మరునాడు ఊడుతుంది. సొల్యూషన్ త్వరగా మండే పదార్థం కాబట్టి పొయ్యి దగ్గర ఈ పని చేయకూడదు. పీవీసీ బూటుకు ఈ సొల్యూషన్ పట్టదు; దానికి పీవీసీ జిగురు, పీవీసీ ముక్క కావాలి.

గొట్టం మీద చిన్న రంధ్రానికి అతుకు సరిపోతుంది. నడిచేటప్పుడు వంగే చోట లోపలి గుడ్డ కనిపించేటంతగా పగిలినా, అడుగు నున్నగా అరిగినా, ఉక్కు ముక్కు ఉన్న బూటులో ఆ ఉక్కు బయటపడినా, ఆ జతకు పదవీ విరమణ ఇవ్వవలసిందే. గనులలో పాదరక్షలు తప్పనిసరి అని 1961 నాటి లోహ ఖనిజ గనుల నిబంధనలు చెప్పాయి. పగిలిన బూటు తొడుగుకున్నవాడు నిబంధనను పాటించినట్లు కనిపిస్తాడు కాని అతని పాదానికి రక్షణ లేదు. మరొక మాట: మామూలు గంబూట్లను నమ్ముకొని కరెంటు పని చేయకూడదు. విద్యుత్ పనికి వేరుగా పరీక్షించి తయారుచేసిన బూట్లు ఉంటాయి.

పాడైన బూటు ముక్కలతో పొయ్యి రాజేయడం పల్లెలలో ఉన్నదే. రబ్బరు పొగలో గంధకపు విషవాయువు, పీవీసీ పొగలో ఆమ్లవాయువు ఉంటాయి. వంటింటిలో పిల్లల మధ్య ఆ పొగ వద్దు.

బూటు లోపలి పాదం

తడి పాదం ఎంతటి విపత్తో మొదటి ప్రపంచ యుద్ధం చూపింది. కందకాలలో రోజుల తరబడి నీటిలో నిలబడిన సైనికుల పాదాలు వేలాదిగా కుళ్ళాయి. బ్రిటిష్ సైన్యం కోసం ఎడిన్‌బరోలోని నార్త్ బ్రిటిష్ రబ్బర్ కంపెనీ సుమారు 12 లక్షల జతల రబ్బరు బూట్లు తయారుచేసింది. అయినా బూట్లు మాత్రమే చాలలేదు. పాదాలను ఆరబెట్టుకోవడం, మేజోళ్ళు మార్చుకోవడం, రోజూ పాదాల తనిఖీ అనేవి కట్టుబాటుగా అమలు చేసిన తరువాతనే పరిస్థితి కుదుటపడింది.

ఆ పాఠం మనకూ వర్తిస్తుంది. రబ్బరు నీటిని లోపలికి రానివ్వదు, చెమటను బయటికి పోనివ్వదు. మధ్యాహ్న భోజనానికి కూర్చున్నప్పుడు బూట్లు విప్పి, పాదాలు తుడుచుకొని, పొడి మేజోళ్ళు తొడగాలి. మధుమేహం ఉన్నవారికి పాదంలో స్పర్శ తగ్గుతుంది కాబట్టి వారు ప్రతి సాయంత్రం వేళ్ళ సందులను కళ్ళతో చూసుకోవాలి.

తొడిగేముందు బూటును తలకిందులు చేసి దులపండి. తేలుకు, పాముపిల్లకు అంతకంటే వెచ్చని ఇల్లు దొరకదు. మన దేశంలో 2000 నుండి 2019 వరకు ఇరవై ఏళ్ళలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. వాటిలో దాదాపు సగం జూను, సెప్టెంబరు మధ్య జరిగినవే. కాట్లలో అధికభాగం కాళ్ళ మీదే పడతాయి. పొలానికి వెళ్ళే మనిషి కాలికి పగలని బూటు ఉండడం ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ ప్రశ్నకు జవాబు దొరికిన రోజున మామయ్య ఆ కుర్రవాడి ఇంటికి తామే వెళ్ళి, తప్పు తమదేనని చెప్పారు. ఊరికే చెప్పలేదు, ఒక కొత్త జత, పాము నాలుక గంటు వేసిన సాలుచెక్క పలక కూడా తీసుకొనివెళ్ళారు. నేను తిరిగి వచ్చే రోజున అటువైపుగా నడిచి వెళ్ళాను. చూరు కింద రెండు వెదురు కర్రలకు ఆ జత తలకిందులుగా వేలాడుతున్నది. ఆ బూట్లకు అది మూడవ వానకాలమని మామయ్య చెప్పారు. దగ్గరికి వెళ్ళి చూశాను. వంపులో ఎక్కడా ఒక గీత కూడా లేదు. పైన తెల్లని మైనపు పొర మాత్రం పలచగా ఉన్నది.

ఇప్పనూనె సీసా వంటింటి గూటిలో, అది ఉండవలసిన చోటనే ఉన్నది.